పాఠం 14: ప్రభుత్వ క్రెడిట్ కార్డు – సంతకం ఎవరిది, బాధ్యత ఎవరిది?

14.1 పాఠంలోకి వెళ్లే ముందు

మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ట్యూబ్‌లైటు మాడిపోయిందనుకోండి. కొత్తది కొనాలి. బజారుకు వెళితే పది నిమిషాల పని. కాని అది ప్రభుత్వ సొమ్ముతో కొనవలసిన ట్యూబ్‌లైటు. కావాలని ఒకరు రాసివ్వాలి, మరొకరు మంజూరు చేయాలి, దుకాణం బిల్లు తేవాలి, స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి, ఓచరు జత చేయాలి. ఇంత తతంగం అవసరమా అని మీరూ ఎప్పుడో ఒకప్పుడు విసుక్కునే ఉంటారు.

ఆ విసుగు న్యాయమైనదే. ఇలాంటి విసుగుతోనే అమెరికా కేంద్ర ప్రభుత్వం చిన్న కొనుగోళ్లకు కాగితాలు తగ్గించి తన ఉద్యోగుల చేతికి క్రెడిట్ కార్డులు ఇచ్చింది. పని వేగం పెరిగింది. దానితోపాటు కొత్త చిక్కులూ వచ్చాయి. ఆ దేశం తన తప్పులను తానే తనిఖీ చేయించి నివేదికలుగా అచ్చు వేసింది కనుక, ఈ విషయం నేర్చుకోవడానికి అక్కడి అనుభవం బాగా పనికివస్తుంది. మన కార్యాలయాల సంగతి మధ్యలో ఒకసారి చూద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ప్రభుత్వ కార్డుల రకాలను గుర్తించగలుగుతారు. దుర్వినియోగం ఏయే దారుల్లో జరుగుతుందో వివరించగలుగుతారు. ఒక నెల కార్డు బిల్లును చేతికిస్తే ఎక్కడ ఆగి ప్రశ్న అడగాలో చెప్పగలుగుతారు. మూడవది అన్నిటికంటే ముఖ్యం. మొదటి రెండూ దానికోసమే.

14.2 కార్డు ఎలా వచ్చింది?

పూర్వం అమెరికా కార్యాలయాల్లో పెన్సిళ్ల డబ్బా కొనాలన్నా కొనుగోలు ఉత్తర్వు తయారు చేయవలసి వచ్చేది. కొన్ని సందర్భాల్లో ఆ కాగితాలకయ్యే ఖర్చు వస్తువు ఖరీదును మించిపోయేది. 1980లలో కొన్ని శాఖల్లో కార్డులను ప్రయోగాత్మకంగా వాడి చూశారు. 1989 నుండి కేంద్ర శాఖలన్నిటికీ ఈ వీలు కల్పించారు. 1994లో వచ్చిన చట్టం 2,500 డాలర్ల లోపు కొనుగోళ్లను ‘అతి చిన్న కొనుగోళ్లు’గా వేరు చేసింది. వీటికి పోటీ ధరలు పిలవనక్కరలేదు. కార్డు ఉన్న ఉద్యోగి నేరుగా కొనవచ్చు. ఈ పరిమితి క్రమంగా పెరుగుతూ 2018లో 10,000 డాలర్లకు, 2025 అక్టోబరు నుండి 15,000 డాలర్లకు చేరింది. 1998 నవంబరులో మొదలైన ‘స్మార్ట్‌పే’ పథకం కింద శాఖలు బ్యాంకుల నుండి ఈ కార్డులు తీసుకుంటున్నాయి.

కార్డులు ముఖ్యంగా మూడు రకాలు. కార్యాలయానికి కావలసిన సరుకులు కొనేది కొనుగోలు కార్డు. దాని బిల్లును ప్రభుత్వమే నేరుగా బ్యాంకుకు చెల్లిస్తుంది. అధికార పర్యటనలో బస, టిక్కెట్టు, భోజనం వంటివాటికి వాడేది ప్రయాణ కార్డు. ఇందులో సాధారణంగా బిల్లు ఉద్యోగి పేరున వస్తుంది. ఉద్యోగి బ్యాంకుకు కట్టి, తన ఖర్చును కార్యాలయం నుండి రాబట్టుకుంటాడు. మూడవది ప్రభుత్వ వాహనాలకు ఇంధనం, మరమ్మతుల కోసం వాడే వాహన కార్డు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ప్రయాణ కార్డుతో ఉద్యోగి సొంత ఖర్చు చేసి కట్టకపోతే ముందుగా బ్యాంకు గొడవ చేస్తుంది. అది శాఖకు తలవంపు. కొనుగోలు కార్డుతో సొంత వస్తువు కొంటే బ్యాంకుకు డబ్బు సక్రమంగానే అందుతుంది. అందువల్ల ఎవరూ గొడవ చేయరు. పోయేది ప్రజల సొమ్ము, అదీ చప్పుడు లేకుండా పోతుంది. కనుక ఈ పాఠంలో ఎక్కువగా కొనుగోలు కార్డు గురించే మాట్లాడుకుందాం.

14.3 ఒక కొనుగోలు, ముగ్గురు మనుషులు

కార్డు కొనుగోలులో ముగ్గురికి పని ఉండాలి. ఒకరు కార్డుదారు. ఈయన వస్తువు కొంటాడు. రెండవవారు వస్తువును అందుకునే వ్యక్తి. పెట్టె విప్పి, లెక్క చూసి, ‘అందింది’ అని సంతకం చేస్తారు. మూడవవారు ఆమోదాధికారి. నెలాఖరున బ్యాంకు బిల్లును రశీదులతో సరిపోల్చి, ఇది ప్రభుత్వ అవసరానికే జరిగిన ఖర్చని ధ్రువీకరిస్తారు.

పాత తతంగంలో పది సంతకాలు ఉండేవి. కార్డు వచ్చాక వాటిలో ఏడెనిమిది పోయాయి. పోతే పోనివ్వండి, నష్టం లేదు. మిగిలిన ఈ మూడు సంతకాలు ముగ్గురు వేర్వేరు మనుషులవి కావాలి. అంతే. కొన్నదీ, అందుకున్నదీ, సరేనన్నదీ ఒకే మనిషైతే ఎన్ని రిజిస్టర్లు ఉన్నా ఒకటే. ముగ్గురున్నా మూడవవారు చూడకుండా సంతకం చేస్తే, ఆ మూడవ మనిషి లేనట్టే లెక్క.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన దేశంలోనూ సాధారణ ఆర్థిక నియమావళి ఒక పరిమితి లోపు వస్తువులను కొటేషన్లు లేకుండా కొననిస్తుంది. అయితే నాణ్యత సరిగా ఉందనీ, నమ్మదగిన వ్యాపారి దగ్గర సమంజసమైన ధరకే కొన్నాననీ వ్యక్తిగతంగా సంతృప్తి చెందినట్లు అధికారి ధ్రువపత్రం రాయాలి. ఆ ‘వ్యక్తిగతంగా’ అన్న మాటను మీ కార్యాలయంలో ఎవరైనా ఆగి చదివారేమో ఒకసారి అడిగి చూడండి.

మీరే చెప్పండి – 1
(అ) కొనుగోలు కార్డు బిల్లును ఎవరు చెల్లిస్తారు?
(ఆ) వస్తువు కొన్న వ్యక్తే ‘అందింది’ అని సంతకం చేస్తే ఏమి తెలియకుండా పోతుంది?

14.4 తనిఖీల్లో ఏమి బయటపడింది?

అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. దాని కింద పనిచేసే లెక్కల తనిఖీ సంస్థను 2004 వరకు జనరల్ అకౌంటింగ్ ఆఫీస్ అనేవారు. ఆ తరువాత గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ అంటున్నారు. మన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ చేసే పని వంటి పనే అది చేస్తుంది. 2001లో ఆ సంస్థ కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఉన్న రెండు నౌకాదళ కార్యాలయాల కార్డు లెక్కలను పరిశీలించింది. వాటిలో ఒకచోట వేయికి పైచిలుకు కార్డుదారుల నెలవారీ బిల్లును ఒకే ఒక్క ఆమోదాధికారి ధ్రువీకరిస్తున్నట్లు తేలింది. ఒక మనిషి వేయిమంది రశీదులను ఎలా చూడగలడు? చూడలేడు. సంతకం మాత్రం చేయగలడు. ఒక ఆమోదాధికారి కింద సుమారు ఏడుగురు కార్డుదారులకు మించకుండా ఉండాలన్నది అమెరికా రక్షణ శాఖ పెట్టుకున్న లెక్క. ఏడుకూ వేయికీ మధ్య దూరంలోనే దుర్వినియోగానికి చోటు దొరికింది.

2008లో అదే సంస్థ మొత్తం కేంద్ర శాఖల మీద మరో నివేదిక ఇచ్చింది. 2005 జులై నుండి 2006 జూన్ వరకు జరిగిన కొనుగోళ్లలో నమూనాలు తీసి చూస్తే, దాదాపు 41 శాతం లావాదేవీల్లో సరైన అనుమతి గాని, వస్తువు అందినట్లు వేరొకరి సంతకం గాని లేదు. 2,500 డాలర్లు దాటిన కొనుగోళ్లలోనైతే ఇది 48 శాతం. ఈ అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ‘41 శాతం దొంగతనం’ అని దీని అర్థం కాదు. అన్ని కొనుగోళ్లలో దొంగతనం జరిగిందో లేదో చెప్పడానికి కాగితం లేదని అర్థం. నిజాయితీగా కొన్న ఉద్యోగికి కూడా తన నిజాయితీ చూపించుకునే ఆధారం లేకుండా పోయిందన్నమాట. రశీదు దొంగను పట్టుకోవడానికేనని అనుకుంటాం. నిజానికి దొంగ కానివారికి దాని అవసరం ఎక్కువ.

అదే తనిఖీలో, సులువుగా చేతులు మారే వస్తువులు 1,058 ఎక్కడున్నాయో చూపమని అడిగితే, 458 వస్తువులకు శాఖలు సరైన లెక్క చెప్పలేకపోయాయి. సైన్యానికి సంబంధించి, ఒక్కొక్కటి దాదాపు లక్ష డాలర్ల ఖరీదు చేసే 16 కంప్యూటర్ సర్వర్ల లెక్క తేలలేదు.

ఇక ఒక ఉద్యోగిని కథ. వ్యవసాయ శాఖ కింద పనిచేసే అటవీ విభాగంలో ఆమె ఉద్యోగం. కార్డు తీసుకోని వ్యాపారులకు చెల్లించడానికి కార్డు ఖాతా మీదనే చెక్కులు రాసే వీలు కొందరికి ఇస్తారు. ఆ వీలుతో ఆమె తనతో కలిసి ఉంటున్న వ్యక్తి పేరున చెక్కులు రాసింది. 2000 నుండి 2006 వరకు, ఆరేళ్లపాటు, 6,42,000 డాలర్లకు పైగా. ఆ డబ్బు జూదానికి, కారుకు, ఇంటి అప్పు వాయిదాలకు పోయింది. 2007లో ఆమెకు 21 నెలల జైలు శిక్ష పడింది. డబ్బు తిరిగి కట్టమని కోర్టు ఆదేశించింది. దీన్ని పట్టించినది కంప్యూటరు కాదు, నెలవారీ పరిశీలనా కాదు. విషయం తెలిసిన ఒకరు శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు సమాచారం అందించారు. ఆరేళ్లంటే డెబ్బయికి పైగా నెలవారీ బిల్లులు. వాటిని నిజంగా చదివిన కళ్లు ఉంటే, పదేపదే ఒకే పేరు ఎందుకు వస్తున్నదని మొదటి సంవత్సరంలోనే ఎవరో అడిగి ఉండేవారు.

చిన్న మొత్తాలదీ ఇదే దారి. తపాలా శాఖలో ఒక పోస్టుమాస్టరు తన కార్డుతో ఇంటర్నెట్‌లో జంటలను కలిపే సేవలకు చందా కట్టాడు. 15 నెలలు అలా కడుతూనే ఉన్నాడు. మొత్తం కలిపి సుమారు 1,100 డాలర్లు. మొత్తం చిన్నదే. నెల నెలా అదే వ్యాపారి పేరు బిల్లులో కనబడుతూనే ఉంది.

14.5 తొందరలో జరిగే నష్టం

అన్ని నష్టాలూ మోసం వల్లనే రావు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని ముంచెత్తింది. సహాయం ఆలస్యం కాకూడదని సెప్టెంబరులో కాంగ్రెస్ ఆ సహాయ కార్యక్రమాలకు చిన్న కొనుగోలు పరిమితిని 2,500 నుండి ఒక్కసారిగా 2,50,000 డాలర్లకు పెంచింది. విమర్శలు రావడంతో అక్టోబరు మొదటి వారంలోనే, ఆ పెంపును వాడవద్దని శాఖలకు సూచనలు వెళ్లాయి. తుపాను సహాయం కోసం విపత్తు సంస్థ 20 పడవలను 2,08,000 డాలర్లకు కొన్నది. అది బజారు ధరకు ఇంచుమించు రెట్టింపు. తరువాత తనిఖీదారులు అడిగితే వాటిలో 12 పడవలు ఎక్కడున్నాయో ఆ సంస్థ చెప్పలేకపోయింది.

మన కోస్తాలో తుపాన్లు తెలియనివారు లేరు. నీళ్లలో ఉన్నవారికి పడవ పంపేటప్పుడు కొటేషన్లు పిలుస్తూ కూర్చోమని ఎవరూ అనరు. కాని పడవ వచ్చినప్పుడు దాని నంబరు రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తొందరలో వదిలిపెట్టవలసింది పోటీ ధరలను. అందుకున్న వస్తువు లెక్కను కాదు.

14.6 చీల్చిన కొనుగోలు

ఒక కార్యాలయానికి 22,000 డాలర్ల కుర్చీలు కావాలి. పరిమితి 15,000. నియమం ప్రకారం పోటీ ధరలు పిలవాలి. అలా చేయకుండా, ఈరోజు 11,000, రేపు 11,000 అని ఒకే దుకాణంలో రెండు ముక్కలుగా కొంటే దాన్ని చీల్చిన కొనుగోలు అంటారు. కొన్నవి కుర్చీలే, కార్యాలయానికే వచ్చాయి, ఎవరి జేబులోకీ పైసా పోలేదు. అయినా అది నియమ ఉల్లంఘనే. పోటీ పడితే ఆ కుర్చీలు తక్కువకు వచ్చేవేమో, మరో వ్యాపారికి అవకాశం ఉండేదేమో. ఆ రెండూ పోయాయి.

‘పని త్వరగా కావాలి కదా’ అని పై అధికారే చీల్చమని చెప్పడం తరచుగా జరిగే విషయం. అటువంటప్పుడు కిందివారు ఇరుకున పడతారు. కార్డు మీద ఉన్నది వారి పేరు. చెప్పినవారి మాట గాలిలో ఉంటుంది. అలాంటి ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగడం మీ హక్కు. రాసి ఇమ్మనగానే చాలా ఆదేశాలు వెనక్కి వెళ్లిపోవడం మీరు చూస్తారు.

14.7 యంత్రం ఆపేవి, మనిషి ఆపవలసినవి

కార్డులోనే కొన్ని అడ్డుకట్టలు ఉంటాయి. ఒక్కో కొనుగోలుకూ, నెల మొత్తానికీ పరిమితి పెట్టవచ్చు. ప్రతి దుకాణానికీ దాని వ్యాపారం ఏదో తెలిపే నాలుగంకెల సంకేతం ఉంటుంది. జూదశాలల వంటివాటి సంకేతాలను ముందే మూసివేస్తే అక్కడ కార్డు పనిచేయదు. మంచి ఏర్పాటే. కాని అన్నీ అమ్మే పెద్ద దుకాణంలో కార్యాలయ కాగితమూ దొరుకుతుంది, ఇంటి టీవీ కూడా దొరుకుతుంది. సంకేతం ఒక్కటే. అక్కడ యంత్రానికి తేడా తెలియదు. రశీదు చదివిన మనిషికే తెలుస్తుంది.

2012 అక్టోబరు 5న అమెరికాలో ప్రభుత్వ కార్డుల దుర్వినియోగ నివారణకు ప్రత్యేక చట్టం వచ్చింది. సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ దానికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఎవరెవరి దగ్గర కార్డులున్నాయో, ఒక్కొక్కదాని పరిమితి ఎంతో జాబితా ఉంచాలి. బిల్లును రశీదులతో సరిచూడాలి. కార్డుదారులకూ ఆమోదాధికారులకూ శిక్షణ ఇవ్వాలి. ఉద్యోగం వదిలిన వెంటనే కార్డు రద్దు కావాలి. వాడని విమాన టిక్కెట్ల డబ్బు తిరిగి రాబట్టాలి. ప్రయాణ కార్డు ఇచ్చేముందు ఉద్యోగి అప్పుల చరిత్ర చూడాలి. ప్రతి శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎక్కడ ప్రమాదం ఉందో ఎప్పటికప్పుడు అంచనా వేయాలి. కొనుగోలు కార్డుల మీద ఏడాదికి కోటి డాలర్లకు మించి ఖర్చుచేసే శాఖలు, ఉల్లంఘనల మీద ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. తప్పు చేసినవారిని ఉద్యోగం నుండి తొలగించడం దాకా చర్యలు ఉండాలి.

చట్టంతో అంతా మారిపోయిందా? కొంత మారింది. 2017లో తనిఖీ సంస్థ మళ్లీ నమూనాలు చూసినప్పుడు దుర్వినియోగానికి ఆధారాలు చాలా తక్కువగా కనబడ్డాయి. కాని దాదాపు 22 శాతం కొనుగోళ్లకు ఆమోదపు కాగితాలు పూర్తిగా లేవు. అంటే అప్పటికీ బలహీనంగా ఉన్నది మూడవ సంతకమే.

2025 ఫిబ్రవరి 26న అమెరికా అధ్యక్షుని ఉత్తర్వు ద్వారా ఉద్యోగుల కార్డులను 30 రోజులపాటు స్తంభింపజేశారు. విపత్తు సహాయం, అత్యవసర సేవల వంటివాటికి మినహాయింపు ఇచ్చారు. కొన్ని సంస్థల్లో కార్డు పరిమితిని ఒక్క డాలరుకు తగ్గించారు. పరిశోధనశాలల్లో మామూలు సరఫరాలకు సైతం ఇబ్బంది కలిగినట్లు వార్తలు వచ్చాయి. వాడని కార్డులను రద్దు చేయడం ఎప్పుడైనా మంచిదే. అయితే, అందరి కార్డులనూ ఒక్కసారిగా ఆపితే, రశీదులు దాచుకున్న ఉద్యోగికీ దాచుకోని ఉద్యోగికీ తేడా లేకుండా పోతుంది. ఇది ఈ పాఠ రచయిత అభిప్రాయం. మీరు అంగీకరించనవసరం లేదు. మీ కారణాలు రాసుకుని తోటి అభ్యాసకులతో చర్చించండి.

14.8 కృత్యం: ఇప్పుడు మీరే ఆమోదాధికారి

కింద ఒక ఊహాత్మక కార్డుదారు మార్చి నెల బిల్లు ఉంది. పరిమితి 15,000 డాలర్లు. పెన్సిలు తీసుకుని, ఎక్కడ ఆగాలో అక్కడ గీత గీయండి. సమాధానాలు చూడకుండా ముందు మీరే ప్రయత్నించండి.

మార్చి 3 – స్టేషనరీ దుకాణం, 184 డాలర్లు. రశీదు ఉంది. అందుకున్నట్లు గుమాస్తా సంతకం ఉంది.
మార్చి 9 – ఫర్నిచర్ దుకాణం, 11,200 డాలర్లు. రశీదు ఉంది. గుమాస్తా సంతకం ఉంది.
మార్చి 10 – అదే ఫర్నిచర్ దుకాణం, 10,900 డాలర్లు. రశీదు ఉంది. గుమాస్తా సంతకం ఉంది.
మార్చి 16 – ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణం, 1,340 డాలర్లు. రశీదుపై ‘పరికరాలు’ అని మాత్రమే ఉంది. అందుకున్నట్లు సంతకం కార్డుదారుదే.
మార్చి 22, ఆదివారం – కిరాణా దుకాణం, 96 డాలర్లు. రశీదు పోయిందని కార్డుదారు రాశారు.
మార్చి 27 – బహుమతి కార్డులు అయిదు, మొత్తం 500 డాలర్లు. రశీదు ఉంది. ఎవరికి ఇచ్చారో రాయలేదు.

14.9 పాఠాంత ప్రశ్నలు

1. ‘41 శాతం’ అన్న అంకెను ఒక పత్రిక ‘41 శాతం మోసం’ అని రాసిందనుకోండి. సంపాదకునికి అయిదు వాక్యాల ఉత్తరం రాయండి.
2. ఒక ఆమోదాధికారి కింద ఎందరు కార్డుదారులు ఉండాలన్నది ఎందుకు ముఖ్యం?
3. మీకు తెలిసిన ఏదైనా కార్యాలయంలో, సంఘంలో లేదా పాఠశాలలో చిన్న ఖర్చుల లెక్క ఎలా రాస్తారో చూసి రండి. కొన్నవారు, అందుకున్నవారు, ఆమోదించినవారు ఎవరెవరో ఒక పేజీలో రాయండి.

జవాబుల సూచనలు

మీరే చెప్పండి – 1: (అ) ప్రభుత్వం నేరుగా బ్యాంకుకు చెల్లిస్తుంది. (ఆ) వస్తువు నిజంగా కార్యాలయానికి చేరిందో లేదో తెలియకుండా పోతుంది.

కృత్యం: మార్చి 3 పద్దుకు సంతకం చేయవచ్చు. మార్చి 9, 10 పద్దులు విడివిడిగా చూస్తే సక్రమమే. కలిపి చూస్తేనే 22,100 డాలర్ల ఒకే కొనుగోలును చీల్చారేమోనన్న అనుమానం వస్తుంది. రెండు రశీదుల మీద వస్తువులు ఒకటేనా, అవసరం ముందే తెలుసా అని అడగాలి. మార్చి 16 పద్దుకు వస్తువు పేరు, దాని నంబరు అడగండి. వీలైతే లేచి వెళ్లి ఆ వస్తువును కంటితో చూడండి. మార్చి 27 పద్దు విషయంలో బహుమతి కార్డు నగదుతో సమానం. ఎవరికి, ఎందుకు, ఎవరి అనుమతితో ఇచ్చారో తేలేవరకు సంతకం పెట్టకూడదు.

మార్చి 22 పద్దును చూడగానే చాలామంది అభ్యాసకులు ‘మోసం’ అని రాస్తారు. ఆదివారం, కిరాణా, రశీదు లేదు! కాని ఆ రోజు అడవిలో మంటలార్పేవారికి తాగునీళ్లు కొని పంపి ఉండవచ్చు. దుకాణం నుండి నకలు రశీదు తెప్పించమని కార్డుదారును అడగండి. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో చూడండి. తరువాతే రాయండి.